ఫిల్ము మీద గీకేసిన అక్షరం

నా పదవీ విరమణ రోజున ఆసుపత్రి వాళ్ళు చిన్న సభ చేశారు. మెడలో దండ వేసి, శాలువా కప్పి, ముందు వరుసలో కూర్చోబెట్టారు. అప్పటి పెద్ద డాక్టరు గారు మైకు అందుకుని నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పాక ఒక పాత కేసు ఎత్తుకున్నారు. గుండె కుడి వైపు, కాలేయం ఎడమ వైపు ఉన్న ఒక జాలరిని మన టెక్నీషియన్ గారు ఒక్క ఎక్స్‌రేతో ఎలా కనిపెట్టారో, డాక్టర్లకు కూడా అందని సంగతి ఎలా పట్టుకున్నారో చెప్పారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడి అందరికీ దండం పెట్టాను.

ఆ కథ అబద్ధం. అందులో ఆయన తప్పేమీ లేదు. తన ముందువాళ్ళు చెప్పుకున్నదే ఆయనా చెప్పారు. అది అబద్ధమని తెలిసిన మనిషి ఆ హాల్లో ఒక్కడే ఉన్నాడు, వాడు దండ వేసుకుని నవ్వుతున్నాడు. ఆ రోజు చప్పట్లు కొట్టిన పిల్లల కోసం అసలు జరిగింది రాస్తున్నాను.

మా నాన్న గుమాస్తా ఉద్యోగం మీద కాకినాడ నుంచి ఈ దీవులకు వచ్చేనాటికి నాకు నాలుగేళ్ళు. పోర్ట్‌బ్లెయిర్‌లోనే పెరిగాను. బడిలో హిందీ, ఆటల్లో హిందీ, అబర్డీన్ బజార్లో బేరం హిందీ. తెలుగు ఇంట్లో అమ్మతో మాట్లాడేంత వరకే. ఇప్పుడు రాస్తున్న ఈ మాత్రం తెలుగు నేను చెప్పబోయే సంగతి జరిగాక పట్టుబట్టి నేర్చుకున్నది.

అయినా ఆసుపత్రికి తెలుగు రోగి వస్తే డాక్టర్లు నన్నే పిలిచేవారు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు సముద్రపు ఒడ్డు ఊళ్ళ నుంచి వచ్చి స్థిరపడ్డ జాలరి కుటుంబాలు చాలా ఉండేవి. మగవాళ్ళకు హిందీ కొంత పట్టుబడేది గానీ ముసలివాళ్ళకు వచ్చేది కాదు. వాళ్ళ మాట నేను హిందీలో చెప్పేవాణ్ణి, డాక్టరు మాట తెలుగులో చెప్పేవాణ్ణి. అందులో నాకు కొంచెం గొప్పగా ఉండేది. వాళ్ళు మాట్లాడేది నాకు సగమే అర్థమవుతుందని మాత్రం ఎవరికీ చెప్పలేదు. సగం విని మిగతా సగం నేనే పూడ్చేవాణ్ణి. జ్వరం, దగ్గు, విరేచనాలు, ఒంటినొప్పులు. వీటికి సగం మాట చాలేది. అలా ఏళ్ళు గడిచిపోయాయి.

ఇప్పటి పిల్లలకు అప్పటి ఎక్స్‌రే పని తెలియదు కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. రోగిని ఫిల్ము ఉండే పలకకు, అంటే క్యాసెట్‌కు, ఛాతీ ఆనించి నిలబెట్టేవాళ్ళం. ఏది కుడో ఏది ఎడమో తర్వాత తెలియడానికి, రోగి కుడి భుజం వైపు క్యాసెట్ మూలన సీసంతో చేసిన ఆర్ అక్షరాన్ని ప్లాస్టరుతో అంటించేవాళ్ళం. ఫిల్ము కడిగాక ఆ మూలన అక్షరం తెల్లగా వచ్చేది. ఎడమకు పెట్టే ఎల్ అక్షరం నేను చేరకముందే ఎక్కడో పోయింది. కొత్తది అడిగితే వస్తుంది, వస్తుంది అన్నారు. కాబట్టి మా గదిలో కుడి ఎడమలన్నీ ఆ ఒక్క సీసపు ముక్క మీద ఆధారపడేవి.

ఆ ముక్కతో నేను ఒకసారి పొరబడ్డాను. ఊపిరితిత్తి పక్కన నీరు చేరిన ముసలాయన ఫిల్ముకు ఆర్ అక్షరం తప్పు మూలన అంటించాను. డాక్టరు నీరు తీయడానికి సూది పట్టుకుని, వీపు మీద వేలితో తట్టి చూసి, చప్పుడు తేడాగా ఉందని ఆగిపోయారు కాబట్టి సరిపోయింది. ఆయన ఉత్తరాది మనిషి. మంచి వైద్యుడు. నోరు మాత్రం మంచిది కాదు. ఫిల్ము పట్టుకుని మా గదికి వచ్చి, బయట బెంచీల నిండా జనం ఉండగా, "దాయాఁ బాయాఁ నహీఁ మాలూమ్ తో జాకే మఛ్లీ బేచో" అన్నారు. కుడి ఎడమలు తెలియనివాడివి పోయి చేపలమ్ముకో అని. బెంచీల మీద నవ్వారు. ఆ నవ్విన వాళ్ళలో చేపలమ్ముకునేవాళ్ళూ ఉన్నారు.

నేను గుమాస్తా కొడుకుని. జాలరి వాడలో తెలుగు మాట్లాడినా నేను వాళ్ళలో ఒకణ్ణి కాదన్న ఎరుక నాలో ఎప్పుడూ ఉండేది. ఆ మాట నన్ను ఎక్కడ గుచ్చిందో డాక్టరుకు తెలియదు. నాకు తెలుసు. అప్పటి నుంచి ఆ అక్షరం అంటించేటప్పుడల్లా ఒకటికి రెండుసార్లు చూసుకునేవాణ్ణి. అయినా నమ్మకం కుదిరేది కాదు. భయపడ్డ మనిషి జాగ్రత్తగా ఉంటాడని మీరు అనుకోవచ్చు. నా అనుభవంలో అది నిజం కాదు. భయపడ్డవాడు రోగిని చూడడు, తనను ఎవరు చూస్తున్నారా అని చూస్తాడు.

తర్వాత మూడు నాలుగు నెలలకు, వానాకాలంలో, జంగ్లీఘాట్ నుంచి ఒక జాలరి యువకుణ్ణి తీసుకొచ్చారు. పాతికేళ్ళుంటాయి. ముందురోజు బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి పొత్తికడుపులో ఎడమ పక్కకు దిగింది. వాంతులు, జ్వరం. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని ఒక పక్కకే పడుకున్నాడు. వెంట తల్లి ఒక్కతే. అదే డాక్టరు కబురు చేస్తే వెళ్ళాను.

కడుపు నొక్కి చూశారు. ఎడమ పక్క చెయ్యి పడగానే అతను డాక్టరు మణికట్టు పట్టేసుకున్నాడు. అదే నొప్పి కుడి పక్క ఉంటే వార్డులో తుడిచే మనిషి కూడా అపెండిక్స్ అని చెప్పేవాడు. ఎడమ పక్క అపెండిక్స్ ఉండదు. కాబట్టి మూత్రపిండంలో రాయో, పేగులో పుండో, మరేదో అని ఆలోచిస్తున్నారు. అప్పుడు ఆ తల్లి నా మోచెయ్యి పట్టుకుని లాగింది.

"బాబూ, డాకటేరు బాబుకి ఒక మాట సెప్పు. ఈడి గుండె వలపల కొట్టుకుంటాది. పుట్టినకాణ్ణించీ అంతే."

నాకు వల అన్న ముక్క వినబడింది. జాలరి కదా, వలే అనుకున్నాను. తర్వాతి పల అన్న ముక్కను నా చెవి పక్కన అని సర్దుకుంది. వల పక్కన, అంటే వల పని దగ్గర, గుండె కొట్టుకుంటుంది. పుట్టినప్పటి నుంచీ అన్నది దానికి అతకలేదు. పసిపిల్లవాడు వల లాగడు కదా అని నాకు తోచింది కూడా. ఏమన్నావమ్మా, మళ్ళీ చెప్పు అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. డాక్టరు చూస్తున్నారు. తెలుగువాడికి తెలుగు అర్థం కాలేదని ఆయన ఎదుట బయటపడటం ఇష్టం లేకపోయింది.

వల లాగేటప్పుడు ఇతనికి గుండె దడదడలాడుతుందట అని హిందీలో చెప్పాను. వల లాగితే ఎవరికి దడ రాదు అన్నారు డాక్టరు. ఛాతీ వినడానికి అతన్ని తిప్పబోతే నొప్పికి తిరగలేకపోయాడు. వీపు వైపు నుంచి ఊపిరి విని వదిలేశారు. కడుపులో ఎక్కడైనా చిల్లి పడి గాలి పైకి చేరిందేమో చూడాలి, నిలబెట్టి ఛాతీ ఎక్స్‌రే తియ్యి అన్నారు.

తల్లి ఒక పక్క, వార్డు మనిషి ఒక పక్క పట్టుకుంటే నిలబడ్డాడు. అక్షరం అంటించాను. ఫిల్ము తీశాను. చీకటి గదిలో కడిగి, ఇంకా నీళ్ళు కారుతున్న ఫిల్మును దీపం ముందు పెట్టి చూశాను.

గుండె ఆర్ అక్షరం వైపు ఉంది.

పెట్టాను, మళ్ళీ తప్పు మూలన పెట్టాను అనుకున్నాను. మరొకటి నా తలలోకి రాలేదు. కొందరు అద్దంలో బొమ్మలా, లోపలి అవయవాలన్నీ అటుది ఇటుగా పుడతారని చదువుకునే రోజుల్లో ఒక పేరా చదివాను. పరీక్షకు చదివి వదిలేసిన పేరా అది. అలాంటి మనిషి నా ఎదుట నిలబడతాడని ఎందుకు అనుకుంటాను? నా తప్పు మాత్రం నాకు బాగా తెలిసిన చుట్టం. అదే గుర్తొచ్చింది.

మళ్ళీ తీయాలంటే ఫిల్ముల కొరత. మద్రాసు నుంచి ఓడ రావాలి. వానలకు ఆలస్యమైంది. పాడైన ప్రతి ఫిల్ముకూ కారణం రాసివ్వాలి. ఏమని రాస్తాను? కుడి ఎడమలు మళ్ళీ తారుమారు చేశానని రాయాలి. బయట బెంచీల నిండా జనం ఉన్నారు.

తడి ఫిల్ము మీది పూత మెత్తగా ఉంటుంది. బ్లేడు తీసుకుని ఆ అక్షరాన్ని గీకేశాను. రెండో మూలన సిరాతో ఆర్ అని రాశాను. ఫిల్ము తిప్పి పట్టుకుని చూస్తే అంతా అందంగా కుదిరింది. గుండె ఎడమన ఉంది, పొట్టలో గాలి బుడగ దాని కిందే ఉంది, కాలేయం కుడిన ఉంది. అవయవాలన్నీ కలిసికట్టుగా తారుమారైనవాడి ఫిల్మును తిప్పితే మామూలు మనిషి ఫిల్ములాగే ఉంటుంది. ఎంత గొప్ప డాక్టరైనా పట్టుకోలేడు. డాక్టరు కిటికీకి ఎత్తి చూసి, గాలి ఎక్కడా లేదు, చిల్లి లేదు అన్నారు. సూది మందులు మొదలుపెట్టి, చూద్దాం అన్నారు.

ఆ సాయంత్రం మరో రోగికి అదే క్యాసెట్ తీసుకున్నాను. క్యాసెట్‌కు పై అంచున నంబరు వేసి ఉంటుంది కాబట్టి ఏది పైనో, ఏది కుడి మూలో తెలిసిపోతుంది. ప్లాస్టరు, దాని కింద సీసపు ఆర్, రెండూ ఇంకా ఉన్నాయి. కుడి మూలనే ఉన్నాయి. ఉండవలసిన చోటే ఉన్నాయి.

మధ్యలో ఎవరో తీసి మార్చి ఉంటారు అనుకోబోయాను. ఆ గదికి తాళం నా దగ్గరే ఉంటుంది. ప్లాస్టరు ఊడబీకి, ఉండ చుట్టి బుట్టలో పారేశాను. రోగి ఎదురుచూస్తున్నాడు కాబట్టి, కొత్త ప్లాస్టరు చించి అక్షరం మళ్ళీ అంటించాను.

మర్నాడు పొద్దున వార్డు ముందు నుంచి వెళుతున్నట్టుగా వెళ్ళాను. లోపలికి పోలేదు. తల్లే నన్ను చూసి బయటికి వచ్చింది. ముఖం తేటగా ఉంది.

"నొప్పి తగ్గీసింది బాబూ. తెల్లారగట్ట కూసింత నిద్దరోయేడు. నీ సలవ."

ఎంత సంతోషించానో చెప్పలేను. నొప్పి తగ్గింది, మనిషి లేచి కూర్చుంటాడు, ఇంటికి పోతాడు, ఆ ఫిల్ము దస్త్రంలో పడి మరుగున పడుతుంది. ఇంటికి పోయి కడుపునిండా తిన్నాను. వాచిన పేగు పగిలినప్పుడు మొదట అలాగే నొప్పి తగ్గినట్టుంటుందని, అది చెడ్డ గుర్తని నాకు అప్పటికి తెలియదు. వార్డులో ఉన్న మలయాళీ సిస్టరుకు తెలుసు. ఆవిడ ఆ రోజంతా గంటగంటకూ నాడి రాసి పెట్టింది. సాయంత్రానికి జ్వరం మళ్ళీ ఎక్కింది.

మూడో రోజు పొద్దున ఆసుపత్రి ఎదుటి చాయ్ దుకాణంలో మా డ్రెస్సరుతో కూర్చున్నాను. గాయాలకు కట్లు కట్టే పని అతనిది. బొబ్బిలి దగ్గర పల్లెటూరి మనిషి. నాకంటే పదేళ్ళు పెద్ద, అన్నా అనేవాణ్ణి. ఆ జాలరి కుర్రవాడి సంగతి వచ్చింది. మనసులో బెరుకు ఉన్నప్పుడు మనిషి ఎక్కువ మాట్లాడతాడు. నేను ఆ ముసలామె యాసను అనుకరించి నవ్వించబోయాను. కొడుకు కడుపునొప్పితో చస్తుంటే, ఈడి గుండె వలపల కొట్టుకుంటాది అంటుందన్నా, వలకీ గుండెకీ ఏం సంబంధం అన్నాను.

డ్రెస్సరు నవ్వలేదు. గ్లాసు కింద పెట్టాడు.

"ఏటన్నాది? మళ్ళీ సెప్పు."

"గుండె వలపల కొట్టుకుంటాది అంది."

"వలపలంటే వల కాదురా బాబూ. కుడి పక్క. నాగలికి ఎద్దుల్ని కడతామా? ఎడం పక్కది దాపలెద్దు, కుడి పక్కది వలపలెద్దు. మీ అయ్య ఎప్పుడూ సెప్పనేదేటి?"

"మా నాన్న గుమాస్తా అన్నా."

"అవున్లే" అన్నాడు అతను. "అయితే ఆడి గుండె కుడి పక్కనుందనా ఆ ముసలమ్మ సెప్పింది?" అన్నాడు.

చాయ్ వదిలేసి లేచాను. ఆసుపత్రి గేటు నుంచి మా గది దాకా ఎలా నడిచానో గుర్తు లేదు. నడుస్తూ లెక్క కట్టుకున్నది గుర్తుంది. గుండె కుడిన ఉంటే కాలేయం ఎడమన. కాలేయం ఎడమన ఉంటే అపెండిక్స్ ఎడమన. ఎడమ పక్క నొప్పి.

ఇక్కడ మీరు నేను పరుగెత్తుకుంటూ డాక్టరు దగ్గరకు పోయి నిజం చెప్పానని అనుకుంటారు. సభలో చెప్పిన కథలో అలాగే ఉంది. నేను ముందు మరో ఉపాయం చేశాను. దస్త్రంలోంచి ఫిల్ము తీసుకుని ఔట్ పేషెంట్ గదికి వెళ్ళి, సర్, ఆ జాలరి ఫిల్ము అంత స్పష్టంగా రాలేదు, ఇంకొకటి తీయనా అన్నాను. రెండో ఫిల్ములో అసలు సంగతి దానంతట అదే బయటపడుతుంది, మొదటి దాని సంగతి ఎవరూ అడగరు అని నా ఆశ.

డాక్టరు ఫిల్ము అందుకుని కిటికీ వెలుగులో చూశారు. బాగానే ఉంది, ఓడ రాలేదు, ఉన్న ఫిల్ములు ప్రమాదాల కోసం ఉంచు అన్నారు. ఆయన బొటనవేలు ఆ గీకిన చోట ఆగింది. ఇదేమిటి అని అడిగారు. ఆరబెట్టేటప్పుడు గీసుకుపోయింది సర్ అన్నాను. అంత తేలికగా వచ్చింది ఆ అబద్ధం. ఆయన ఫిల్ము తిరిగిచ్చేసి తర్వాతి రోగిని రమ్మన్నారు.

వార్డుకు వెళ్ళాను. అతను వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కళ్ళు లోపలికి పోయాయి. పెదవులు ఎండిపోయాయి. ఊపిరి పైపైనే ఆడుతోంది. కడుపు ఉబ్బి ఉంది. తల్లి విసనకర్రతో విసురుతోంది. నేను అతని చొక్కా గుండీ తీసి, ఛాతీకి ఎడమ పక్క అరచెయ్యి పెట్టాను. ఏమీ తగల్లేదు. చెయ్యి కుడి పక్కకు జరిపాను. అరచేతి కింద అతని గుండె గబగబా కొట్టుకుంటోంది, పట్టుకున్న పక్షిలా.

"మొదటి రోజే నాను సెప్పేను గదా బాబూ" అంది తల్లి. అందులో నింద లేదు. తన మాట డాక్టర్లకు అందిందనే, అన్నీ తెలిసే వైద్యం చేస్తున్నారనే ఆమె మూడు రోజులుగా నమ్ముతోంది. చిన్నప్పుడు కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె పెట్టి రుద్దేటప్పుడు తన చేతికి అక్కడే తగిలేదని, వాళ్ళ ఊళ్ళో మంత్రసాని కూడా చెప్పిందని చెబుతూ పోయింది.

సిస్టరు వచ్చి అతని కడుపు మీద చెయ్యి వేసింది. నా వైపు తిరిగి హిందీలో నెమ్మదిగా చెప్పింది. పేట్ లక్‌డీ జైసా హో గయా, డాక్టర్ కో బులావ్. కడుపు కర్రలా గట్టిపడిపోయింది, డాక్టరును పిలువు అని.

మళ్ళీ ఔట్ పేషెంట్ గదికి వెళ్ళాను. గుమ్మం దగ్గర వరుసలో ఇరవైమంది ఉన్నారు. వాళ్ళ ముందే చెప్పాలా, లోపలికి పోయి చెవిలో చెప్పాలా అని గుమ్మంలో ఆగాను. అప్పుడు కూడా ఆగాను. ఆ ఆగడం ఎంతసేపో నాకు తెలియదు. ఒక రోగి చీటీ రాయించుకుని బయటికి వచ్చేంతసేపు అయి ఉంటుంది.

"సర్, ఉస్ ఫిల్ము పే ఆర్ మైనే హాథ్ సే లిఖా హై. అస్లీ ఆర్ దూస్రీ తరఫ్ థా. మైనే ఖురచ్ దియా."

ఫిల్ము మీది ఆర్ నా చేత్తో రాసింది, అసలు ఆర్ రెండో వైపు ఉండేది, నేనే గీకేశాను. మూడు ముక్కలు. వాటిని చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

డాక్టరు కలం కింద పెట్టారు. నా ముఖంలోకి చూస్తూ, అతని దిల్ కుడి వైపు ఉందా అని మాత్రం అడిగారు. చెయ్యి పెట్టి చూశాను సర్, ఉంది అన్నాను. వాళ్ళమ్మ మొదటి రోజే చెప్పింది, నాకు అర్థం కాలేదు అని కూడా చెప్పాను. ఆయన లేచి, వరుసను దాటుకుని, నన్ను దాటుకుని వార్డుకు వెళ్ళారు. స్టెతస్కోపు ఎడమన పెట్టి, కుడిన పెట్టి, కళ్ళు మూసుకుని విన్నారు. నేను వెనకే నిలబడి తిట్టు కోసం ఎదురుచూస్తున్నాను. ఆయన ఆపరేషన్ గది సిద్ధం చేయమని సిస్టరుకు చెప్పి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

ఆపరేషన్ సాగిన మూడు గంటలూ నేను చీకటి గదిలో కూర్చున్నాను. తల్లి దగ్గర కూర్చోవలసింది. ధైర్యం చాలలేదు. డ్రెస్సరు పోయి కూర్చున్నాడు.

ఎడమ పక్క కోసి చూస్తే అపెండిక్స్ పగిలి ఉంది. కడుపంతా చీము. ఒక రోజో రెండు రోజులో ముందైతే చిటికెలో పోయే పని. రెండు వారాలకు మళ్ళీ కోయవలసి వచ్చింది. రెండు నెలలకు పైగా ఆసుపత్రిలో ఉన్నాడు. బతికాడు. కానీ కోసిన చోట కండ బలహీనపడి, బరువు లాగితే పేగు ముందుకు పొడుచుకొచ్చేది. మళ్ళీ సముద్రం మీద పనికి వెళ్ళలేదు.

కేసు కాగితాల్లో డాక్టరు నా గీకుడు సంగతి రాయలేదు. రెండోసారి పరిశీలించగా అవయవాలు తారుమారుగా ఉన్నట్టు టెక్నీషియన్ గుర్తించాడు అని రాశారు. ఓడ వచ్చాక మంచి ఫిల్ము ఒకటి తీయించి దాచారు. ఒకరోజు నేను ఆయన గదిలోకి వెళ్ళి, మీరు నన్నేమీ అనలేదు సర్ అన్నాను. మొదటి రోజు ఛాతీ ముందు వైపు నుంచి వినకపోవడం నా తప్పు, మర్నాడు ఎడమన చప్పుడు సన్నగా వినిపిస్తే ఫిల్ము బాగుంది కదా అనుకోవడం కూడా నా తప్పు, ఇందులో ఎవరు ఎవర్ని తిడతారు అన్నారు. అంతటితో ఆ మాట మూసేశారు. తర్వాత బదిలీ మీద వెళ్ళిపోయారు. ఫిల్ము మిగిలింది, కాగితం మిగిలింది, వాటితో పాటు నా పేరూ మిగిలింది. వచ్చిన ప్రతి కొత్త డాక్టరూ ఆ ఫిల్ము చూసి నా భుజం తట్టేవాడు.

అన్నిటికంటే కష్టమైంది చేపలు. ఆ తల్లి వారానికోసారి లంబాలైన్‌లో మా ఇంటికి వచ్చి, బంధువుల పడవలో పడ్డ మంచి చేప ఏరి మా ఆవిడ చేతికి ఇచ్చి వెళ్ళేది. కొడుకుని కాపాడిన బాబుకి అని. మా ఆవిడ వండేది. నేను తినేవాణ్ణి. రెండు నెలలు తిన్నాను. ఒకరోజు ముల్లు గుచ్చుకోలేదు, ఏమీ కాలేదు, ఊరికే ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయాను. మర్నాడు సెలవు పెట్టి జంగ్లీఘాట్ వెళ్ళాను.

తల్లి గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. కొడుకు లోపల చాప మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. వద్దన్నాను. నాకు వచ్చిన తెలుగులో, తడబడుతూ, మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. వలపల అన్న మాట నాకు తెలియదని చెప్పాను. తెలియదని డాక్టరుకు చెప్పలేదని చెప్పాను. అక్షరం గీకేశానని, మూడో రోజున కూడా ఇంకో అబద్ధం ఆడానని చెప్పాను.

తల్లి చేటలోకే చూస్తూ విన్నది.

"తెల్దంటే మళ్ళీ అడగొచ్చు గదా బాబూ. నాను మళ్ళీ సెప్పుదును" అంది.

తర్వాత నన్ను ఓదార్చింది. ఊరికో మాట, వాడకో మాట, పట్నంలో పుట్టినోడివి నీకేటి తెలుస్తాది అంది. ఆమెకు అది మాట దగ్గర జరిగిన పొరపాటు. బ్లేడు సంగతి ఆమె మనసులోకి పోలేదు. నేను ఆ ఓదార్పునే పట్టుకుని వేలాడాలని చూశాను. అవునమ్మా, మాట తెలియకపోవడం వల్లే అన్నాను.

అప్పుడు లోపలి నుంచి కొడుకు అడిగాడు.

"ఆ పిలుము గీకీసినప్పుడు నీకు అనుమానం రానేదా భయ్యా?"

తల్లి బియ్యం ఏరడం ఆపింది.

"ఆ సాయంత్రానికే వచ్చింది" అన్నాను.

"మరి సెప్పనేదేం?"

"అంతకు ముందొకసారి అందరి ముందూ తిట్లు తిన్నాను. మళ్ళీ తిడతారని భయమేసింది."

అతను కోపంగా లేడు. ఎగతాళి కూడా లేదు. నిజంగా తెలుసుకుందామన్నట్టే అడిగాడు.

"తిట్టేరా మరి?"

"లేదు" అన్నాను.